పాట నడుస్తుంటే పాస్తా చల్లారకుండా: సంగీతం ఉండే ఇటాలియన్ రెస్టారెంట్‌లో రాత్రి భోజనం

పేటలో ఉండే చిన్న ఇటాలియన్ రెస్టారెంట్‌లో సంగీతం కూడా పెట్టారంటే, అక్కడ వంటగది లెక్క ఒకటి, పాటగాళ్ల లెక్క ఇంకొకటి. ఆ రెండింటినీ కలుపుకోవాల్సింది తినడానికి వెళ్లేవాళ్లే. లేకపోతే మంచి పాట మధ్యలో పొగలు కక్కే రిసోట్టో (ఇటాలియన్ పద్ధతిలో ముద్దగా వండే అన్నం) వచ్చి ముందు కూర్చుంటుంది. పాట వింటే అది గడ్డకడుతుంది, అది తింటే పాట చేజారుతుంది. ఏ టేబుల్ తీసుకోవాలి, ఎప్పుడు ఆర్డరివ్వాలి, ఏ వంటకం ఏ వేళకు రావాలి అన్నవి ముందే తేల్చుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

బుక్ చేసేటప్పుడు

యాప్‌లో బుక్ చేసినా సరే, ఒకసారి ఫోన్ చేయండి. తెలుసుకోవాల్సిన సంగతులు యాప్‌లో ఉండవు. మొదటి ప్రశ్న: వాయించడం ఎన్ని గంటలకు మొదలవుతుంది, ఎన్ని సెట్లు? సెట్ అంటే ఆపకుండా వాయించే ఒక విడత. చాలాచోట్ల ఒక్కో సెట్ 40 నుంచి 50 నిమిషాలు ఉంటుంది, మధ్యలో 15 నుంచి 20 నిమిషాల విరామం. రెండో ప్రశ్న: ఏయే వాద్యాలు, స్పీకర్లు ఉంటాయా? గిటారు, మాండొలిన్ మాత్రమే ఉండి మైకు లేకపోతే దగ్గర టేబుల్ కావాలి. డ్రమ్స్ ఉంటే దూరంగా ఉన్నదే మేలు. స్పీకర్ శబ్దమైతే తగ్గించమని అడగొచ్చు, డ్రమ్స్‌ని ఎవరూ తగ్గించలేరు.

మూడోది చాలామంది మరిచిపోయే ప్రశ్న: వంటగది ఎన్నింటికి మూస్తారు? సంగీతం నడుస్తూనే ఉంటుంది కానీ పొయ్యి ఆరిపోతుంది. రెండో సెట్ అయ్యాక తీరిగ్గా తిందామనుకుంటే చివరికి చల్లటి జున్ను పళ్లెం ఒక్కటే మిగలొచ్చు. నాలుగోది టేబుల్ ఎంతసేపు మనది అన్న ప్రశ్న. రెండు గంటలకే ఖాళీ చేయమంటారా, లేక సంగీతం ఉన్న రాత్రి చివరిదాకా ఉండనిస్తారా? సంగీతానికి విడిగా ఛార్జి ఉందా, తలకు ఇంత ఆర్డర్ చేయాలన్న నియమం ఉందా అన్నది కూడా ఇప్పుడే అడిగేయండి. బిల్లు వచ్చాక అడిగితే ఇరువైపులా మొహమాటమే.

పుట్టినరోజు పాట కావాలంటే అప్పటికప్పుడు కాకుండా ఈ ఫోన్‌లోనే చెప్పండి. వాయించేవాళ్లకు ముందే తెలిస్తే సెట్‌లో దానికో చోటు చూసుకుంటారు. పాట మధ్యలో వెయిటర్ వెళ్లి చెవిలో చెబితే వాళ్ల ధ్యాస చెదురుతుంది, వినేవాళ్లకూ ఆ వెలితి తెలుస్తుంది.

టేబుల్

మొదటి వరుస టేబులే గొప్పదనుకోవడం పొరపాటు. చిన్న రెస్టారెంట్లలో స్పీకర్లను స్టాండ్ల మీద, వాయించేవాళ్లకు అటూ ఇటూ పెడతారు. స్పీకర్‌కు సూటిగా ఎదురుగా కూర్చుంటే పై స్థాయి స్వరాలు చెవిలో గుచ్చుకుంటాయి, గొంతు కంటే తాళాల చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. స్పీకర్లు ఉంటే 4 నుంచి 6 మీటర్ల దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కకు ఉన్న టేబుల్ అడగండి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడలు తిప్పికొడతాయి కాబట్టి అంత తగ్గదు. అయినా 2 మీటర్ల నుంచి 4 మీటర్లకు జరిగితే తేడా చెవికి బాగానే తెలుస్తుంది. మైకు లేని గిటారుకైతే 3 మీటర్ల లోపల ఉండాలి, లేదంటే పక్క టేబుళ్ల మాటలు దాన్ని మింగేస్తాయి.

గది మూలలు వద్దు. కింది స్థాయి శబ్దాలు గోడలు కలిసే చోట పోగుపడతాయి, డబుల్ బేస్ అనే నిలువెత్తు తీగ వాద్యం అక్కడ హోరులా వినిపిస్తుంది. వంటగది తలుపు పక్కన, బార్ పక్కన, ముఖ్యంగా కాఫీ మెషీన్ పక్కన వద్దు. గింజలు మర పట్టే చప్పుడు, పాలను నురగ తెప్పించే ఆవిరి గొట్టం బుస, షేకర్‌లో ఐసు గలగల, ఈ మూడూ నెమ్మదైన పాటలోనే వినిపిస్తాయి. పరదా, పుస్తకాల అల్మరా, మెత్తటి సోఫా ఉన్న గోడకు ఆనుకున్న టేబుల్ దొరికితే వెంటనే ఒప్పుకోండి. గాజు, టైల్స్, నున్నటి సిమెంటు శబ్దాన్ని తిప్పికొడతాయి, గుడ్డ పీల్చుకుంటుంది.

పియానో ఉంటే ఇంకో చిన్న సంగతి. మామూలుగా పెట్టే తీరులో, వేదికకు ఎదురుగా నిలబడి చూస్తే ఎడమవైపు టేబుళ్ల నుంచే వాయించే వేళ్లు కనిపిస్తాయి. కుడివైపు కూర్చుంటే పియానో చెక్క, దాని వెనక ఒక తల కనిపిస్తాయి, అంతే.

మాట్లాడుకోవడం కూడా ముఖ్యమైతే ఎదురెదురుగా కాకుండా టేబుల్ మూలకు అటూ ఇటూ కూర్చోండి. రెండు తలల మధ్య దూరం సగానికి సగం తగ్గుతుంది, ఇద్దరికీ వేదిక కనిపిస్తుంది. మామూలు సంభాషణ ఒక మీటరు దూరంలో దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. గదిలో శబ్దం అంతకు మించితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. మనం పెంచితే పక్క టేబుల్ పెంచుతుంది, వాళ్లు పెంచితే వెనక టేబుల్. దీన్ని లొంబార్డ్ ప్రభావం అంటారు, 1911లో దాన్ని వివరించిన ఫ్రెంచ్ వైద్యుడి పేరు మీదుగా. నిండిన గదిలో పాట వినబడకుండా పోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఆరుగురికి మించి వెళ్తే ముందు టేబుల్ తీసుకోకండి. అంతమంది మాట్లాడుకోకుండా ఉండలేరు, ఆ మాటలు నేరుగా వాయించేవాళ్ల చెవిలో పడతాయి.

వినికిడి యంత్రం వాడేవాళ్లు ఉంటే, వాళ్ల వీపు స్పీకర్ల వైపు, ముఖం మాట్లాడే మనిషి వైపు ఉండేలా కూర్చోబెట్టండి. చాలా యంత్రాలు ముందు నుంచి వచ్చే మాటను పట్టుకుని, వెనక శబ్దాన్ని తగ్గిస్తాయి.

శబ్దం మరీ ఎక్కువనిపిస్తే ఫోన్‌లో ఉచితంగా దొరికే కొలత యాప్‌తో చూడొచ్చు. కొలత కచ్చితంగా ఉండదు, అంచనాకు చాలు. అమెరికాలో ఉద్యోగుల చెవుల రక్షణ కోసం ప్రభుత్వ పరిశోధన సంస్థ సిఫార్సు చేసే లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు హద్దు, ఆపైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. అంటే 94 దగ్గర గంటే. భోజనం మొత్తం 90 పైనే నడుస్తుంటే టేబుల్ మార్చమని అడగడంలో తప్పేమీ లేదు.

ఏ వంటకం ఎంతసేపు ఆగుతుంది

సాయంత్రం మొత్తానికీ కీలకం ఇది. ఇటాలియన్ భోజనంలో వరుస ఇలా ఉంటుంది: ముందు ఆంటిపాస్తీ, అంటే చిన్న చిన్న తినుబండారాలు. తర్వాత ప్రిమీ: పాస్తా, రిసోట్టో, సూప్. ఆ తర్వాత సెకోందీ: మాంసం, చేప. సెకోందీ ఒట్టిగానే వస్తాయి, కూరగాయలు కావాలంటే కొంతోర్నీ అని విడిగా చెప్పాలి. చివరగా దోల్చీ, అంటే తీపి, ఆపైన కాఫీ. ఇవన్నీ ప్రతి ఒక్కరూ తినాలని ఎవరూ పట్టుబట్టరు. ఇద్దరికి ఒక ఆంటిపాస్తో, రెండు ప్రిమీ, పంచుకోవడానికి ఒక సెకోందో, ఒక కొంతోర్నో అంటే నిండు భోజనమే. ఇటలీలో ఒక పాస్తా పళ్లేనికి ఎండు పాస్తా 80 నుంచి 100 గ్రాములు వేస్తారు.

వీటిలో కొన్ని నిమిషాల్లో పాడవుతాయి, కొన్ని గంటసేపు కదలకుండా ఉంటాయి. రిసోట్టో అందరికంటే తొందరపాటుది. బియ్యం వేసినప్పటి నుంచి 16 నుంచి 18 నిమిషాలు పడుతుంది, పళ్లేన్ని అటూ ఇటూ వంచితే అలలా కదలాలి. టేబుల్ మీద నాలుగైదు నిమిషాలు ఉంచితే బియ్యం ఉన్న తడంతా పీల్చుకుని ముద్దైపోతుంది. అంచు ముందు చల్లారుతుంది కాబట్టి అంచు నుంచి లోపలికి తినుకుంటూ రండి. కాచో ఎ పేపే కూడా ఇంతే. అందులో పెకోరినో జున్ను, మిరియాలు, పాస్తా ఉడికించిన నీళ్లు తప్ప ఇంకేమీ ఉండదు. వేడి తగ్గగానే జున్ను, నీళ్లు విడిపోయి ఉండలు కడతాయి. కార్బొనారాలో గుడ్డు, పెకోరినో, పంది చెంప మాంసం ఉంటాయి, రోమ్ పద్ధతిలో క్రీమ్ ఉండదు. అది కూడా చల్లారేకొద్దీ బిగుసుకుంటుంది. ఈ మూడూ పాట నడుస్తుండగా రాకూడదు. వస్తే పాటను పక్కనపెట్టి తినండి, వండినవాళ్ల కష్టానికి అదే గౌరవం.

నేపుల్స్ తరహా పిజ్జా 430 నుంచి 480 డిగ్రీల వేడిలో 60 నుంచి 90 సెకన్లలో కాలుతుంది. వచ్చినప్పుడు మధ్యభాగం మెత్తగా, తడిగా ఉంటుంది, అది లోపం కాదు. పది నిమిషాలు వదిలేస్తే మాత్రం అడుగు నానిపోతుంది, అంచు సాగుతుంది. చీకట్లో ముక్క చేత్తో ఎత్తితే పైనున్నదంతా ఒళ్లో పడుతుంది కాబట్టి కత్తి, ఫోర్కు వాడండి.

ఓపిక ఉన్నవి లజాన్యా, వంకాయ పార్మిజానా, మాంసాన్ని వైన్‌లో గంటల తరబడి ఉడికించిన బ్రజాతో లాంటివి. వెడల్పు పాస్తాకు పట్టించిన రగూ అనే మాంసం సాసు కూడా పర్లేదు. ఇవి పదిహేను నిమిషాల తర్వాత కూడా తినేలా ఉంటాయి. ఇక సంగీతం వింటూ తినడానికే పుట్టినట్టుండేవి చల్లటి ఆంటిపాస్తీ: ఉప్పు పట్టించి ఆరబెట్టిన మాంసం రేకలు, జున్ను ముక్కలు, ఆలివ్‌లు, నూనెలో ఊరవేసిన మిరపకాయలు, ఆర్టిచోకులు. తీపిలో తిరమిసు, పన్నా కోత్తా ఆగుతాయి. వేడి కాఫీ ఐస్‌క్రీమ్ మీద పోసే అఫొగాతో ఆగదు.

మైకు లేని కచేరీలో ఇంకొకటి చూసుకోవాలి, అది చప్పుడు. ఆలుచిప్పలతో స్పగెట్టి మంచి వంటకమే, కానీ తిన్న ప్రతి చిప్పా పింగాణీ గిన్నెలో పడిన చప్పుడు నిశ్శబ్దంలో గదంతా వినిపిస్తుంది. గట్టి బాదం బిస్కెట్లు కంతుచ్చీ కూడా అంతే, వాటిని తీపి వైన్‌లో ముంచి మెత్తబడ్డాకే కొరకండి.

గది బాగా హోరెత్తుతుంటే ఏం ఆర్డరివ్వాలి? 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో విమానం లోపలి హోరు లాంటి శబ్దం వినిపిస్తూ రుచులు చూపించారు. తీపి తెలియడం తగ్గింది, ఉమామి, అంటే మాంసం పులుసులో తగిలే లాంటి గాఢమైన రుచి, పెరిగింది. టమాటా, బాగా ముదిరిన పార్మిజానో జున్ను, ఆంచోవీ చేపలు, పుట్టగొడుగులు అన్నీ ఉమామి నిండినవే. కాబట్టి జోరైన రాత్రి టమాటా సాసు, పుట్టగొడుగుల వంటకాలు నిలబడతాయి. వెన్న, సేజ్ ఆకుల్లాంటి సున్నితమైనవి మైకు లేని రాత్రికి ఉంచుకోండి.

ఆర్డర్ ఎప్పుడివ్వాలి

రెండు దారులున్నాయి. మొదటిది మేము ఎక్కువగా చెప్పే దారి: సంగీతం మొదలవడానికి గంట ముందు కూర్చోవాలి. పది నిమిషాల్లో మొత్తం ఆర్డర్ ఇచ్చేయాలి, ఆంటిపాస్తో వదిలేసి నేరుగా పాస్తాకో పిజ్జాకో వెళ్లాలి. 25 నుంచి 30 నిమిషాల్లో వేడి పళ్లెం వస్తుంది, వేడిగానే తినేస్తారు. మొదటి సెట్ మొదలయ్యేసరికి టేబుల్ మీద వైన్, జున్ను పళ్లెం మాత్రమే ఉంటాయి. వరుస తిరగబడింది కదా అంటారేమో, వెయిటర్‌కు ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు.

రెండోది ఆలస్యంగా వెళ్లేవాళ్లకు. సంగీతానికి పదిహేను ఇరవై నిమిషాల ముందు కూర్చుని, ఆంటిపాస్తీ, పాస్తా రెండూ ఒకేసారి చెప్పండి, కానీ ఇలా చెప్పండి: "ఆంటిపాస్తీ ఇప్పుడు, పాస్తా మొదటి సెట్ అయ్యాక విరామంలో." విరామం వచ్చాక ఆర్డర్ ఇద్దామనుకుంటే మునిగినట్టే. ఆ పదిహేను నిమిషాల్లో ప్రతి టేబుల్ చెయ్యెత్తుతుంది. చిన్న వంటగదిలో పాస్తా ఒక్కో పాన్‌లో ఒకరిద్దరికి మాత్రమే కలుపుతారు. ఆరో ఆర్డర్ అయితే సగం రెండో సెట్ అయ్యాకే మీ దగ్గరికి వస్తుంది. ముందే చీటీ వంటగదికి చేరి ఉంటే సెట్ చివరి పాటకే నీళ్లలో పాస్తా పడుతుంది. తాజా గుడ్డు పాస్తా రెండు నుంచి నాలుగు నిమిషాలు, ఎండు పాస్తా 8 నుంచి 12 నిమిషాలు. కాబట్టి విరామానికి తాజా పాస్తా ఎంచుకోవడం తెలివైన పని. రిసోట్టో ఈ దారికి నప్పదు, పాటగాళ్లు ఒక పాట పొడిగిస్తే లెక్కంతా తప్పుతుంది.

ఏది పడదో, ఏది తినరో కూడా సంగీతం మొదలవకముందే చెప్పాలి. పాట నడుస్తుంటే వెయిటర్‌కు సగమే వినిపిస్తుంది. తీవ్రమైన అలర్జీ ఉంటే కాగితం మీద రాసి ఇవ్వండి, అది నేరుగా వంటగదికి వెళ్తుంది. శాకాహారులు చూసుకోవాల్సినవి మెనూలో కనపడవు: పార్మిజానో రెజ్జానో, పెకోరినో రొమానో జున్నులను జంతువుల పొట్ట నుంచి తీసే రెన్నెట్‌తో విరగ్గొడతారు. రిసోట్టోలో మాంసం ఉడికించిన నీళ్లు పోసి ఉండొచ్చు, మినెస్ట్రోనె సూప్‌లో పంది మాంసం ముక్కలు ఉండొచ్చు. పుట్టనెస్కా పాస్తాలో ఆంచోవీలు, పన్నా కోత్తాలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటాయి. తాజా పాస్తాలో, తిరమిసులో సాధారణంగా గుడ్డు ఉంటుంది, తిరమిసులో తరచూ పచ్చిదే. తులసి జాతి ఆకుల పచ్చడి పెస్తోలో పైన్ గింజలతో పాటు అలాంటి జున్నులే కలుస్తాయి. గుడ్డు తినని శాకాహారికి జున్ను లేకుండా వెల్లుల్లి, నూనె, ఎండుమిర్చి వేసిన ఎండు పాస్తా దాదాపు ఎక్కడైనా చేసి పెడతారు, మెనూలో లేకపోయినా అడగండి.

వైన్ సీసాలో 750 మిల్లీలీటర్లు, అంటే 150 చొప్పున ఐదు గ్లాసులు. ఇద్దరికి హౌస్ వైన్ అర లీటరు కూజా మొదటి సెట్‌కు సరిపోతుంది. టమాటా వంటకాలకు పులుపు తగినంత ఉన్న సాంజొవేజె, బార్బేరా అనే ఎర్ర వైన్లు కుదురుతాయి, చేపలకు వెర్మెంతీనో అనే తెల్ల వైన్. మద్యం వద్దంటే కాస్త చేదుగా ఉండే కినొత్తో సోడా బాగుంటుంది. ఇంకో సంగతి: 1986లో అచ్చయిన ఒక రెస్టారెంట్ పరిశీలనలో, నెమ్మదైన సంగీతం వినిపించిన రాత్రుల్లో జనం ఎక్కువసేపు కూర్చున్నారు, బార్‌లో ఖర్చు కూడా పెరిగింది. నెమ్మదైన పాటల రాత్రి గ్లాసుల లెక్క మనమే చూసుకోవాలి.

పాట నడుస్తున్నప్పుడు

వెయిటర్‌ను పిలవాలంటే గొంతు ఎత్తకండి. చూపు కలిపి చెయ్యి కాస్త ఎత్తితే చాలు. మెనూ మూసి ఉంటే ఆర్డర్‌కు సిద్ధమని, పళ్లెంలో కత్తీ ఫోర్కూ పక్కపక్కన పెడితే తినడం అయిందని వాళ్లకు తెలుస్తుంది. ఫోన్‌తో తీయాలనుకుంటే ఫ్లాష్ ఆపి, తెర వెలుగు తగ్గించి, ఒక పాటతో సరిపెట్టండి.

జాజ్‌లో ఒక్కో వాద్యం విడిగా వాయించి ముగించాక చప్పట్లు కొడతారు. మిగతా సంగీతంలో పాట పూర్తయ్యాకే. పాట కోరాలంటే విరామంలో వెళ్లి, చీటీ మీద రాసి ఇవ్వండి, రాదంటే రెండోసారి అడగకండి. నేపుల్స్ పాటలు పాడే గాయకుడు జాజ్ పాడాలని లేదు.

వాయించేవాళ్లు కాకుండా ఎల్పీ రికార్డులు పెట్టే చోట లెక్క వేరు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీ ఒక వైపు 20 నిమిషాలకు కాస్త అటూ ఇటూగా నడుస్తుంది. రికార్డు తిప్పే ఆ అర నిమిషమే ఆర్డరివ్వడానికి అదను. ప్లేయర్ ఉన్న అల్మరాకు ఆనుకోకండి, అదిరితే సూది గెంతుతుంది.

బిల్లు

చివరి పాట అయ్యాక బిల్లు అడిగితే గదంతా అదే అడుగుతుంటుంది. ఆఖరి విరామంలోనే కాఫీతో పాటు తెమ్మనండి, కట్టేసి నిశ్చింతగా రెండో సెట్ వినండి. ఎస్‌ప్రెస్సో 25, 30 మిల్లీలీటర్లే కాబట్టి రెండు మూడు గుక్కల్లో అయిపోతుంది, చల్లారనివ్వకుండా తాగాలి.

బిల్లులో టేబుల్ ఛార్జి, సర్వీస్, సంగీతం ఛార్జి విడివిడిగా ఉన్నాయేమో చూడండి. ఇటలీలో చాలాచోట్ల కొపెర్తో అని తలకింత వేస్తారు, అది టిప్పు కాదు. సంగీతం ఛార్జి వాయించేవాళ్లకు వెళ్తుందా అని వెయిటర్‌నే అడగొచ్చు. వెళ్లదంటే, లేక అసలు ఆ ఛార్జే లేదంటే, వేదిక దగ్గరున్న గాజు కూజాలో వాళ్ల కోసం విడిగా వేయండి. చిల్లర నోట్లు ఇంటి నుంచే తెచ్చుకోండి. కూజాలో వేయడం కూడా విరామంలోనే, పాట మధ్యలో వాళ్ల ముందు నుంచి నడిచి వెళ్లి కాదు.